షేక్‌పేట ఇంటి సంగతి

షేక్‌పేట అన్న పేరు నేను మామూలుగా పలికి చాలా ఏళ్ళయింది. ఆటో ఎక్కితే "ముందు పోనివ్వు, ఎక్కడ దిగాలో తర్వాత చెబుతాను" అంటాను. ఎవరైనా మాటల్లో ఆ పేరు ఎత్తితే నా చెవులు వేడెక్కుతాయి. వాళ్ళ మొహం వంక చూస్తాను. ఊరికే అన్నారా? తెలిసి అన్నారా? ఒక పేటకు ఇంత బరువుంటుందని ఎవరితో చెప్పుకోను? మీతో చెప్పుకుంటున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి.

నిజానికి మిమ్మల్ని కూడా పూర్తిగా నమ్మడం లేదు. ఇది చదువుతూ నేనెవరో పోల్చుకోవాలని చూస్తారేమో. పోల్చుకుని పక్కవాళ్ళ చెవిలో వేస్తారేమో. అందుకే పేర్లు మార్చాను. జరిగింది మార్చలేదు. ముందు అనుమానించడం, ఆ తర్వాత ఆలోచించడం నా గుణం. ఈ చెప్పబోయేదంతా ఆ గుణం చేసిన పనే.

నేను డబ్బింగ్ చెప్పేదాన్ని. తెర మీద ఏడ్చే మనిషి ఒకరు, ఆ ఏడుపు నాది. అత్తలకు, వదినలకు, రెండో రీలులో చనిపోయే తల్లులకు చాలాకాలం గొంతు అరువిచ్చాను. ఎక్కడ వెక్కాలో, ఎక్కడ ఊపిరి తెగాలో తెలుసు. తర్వాత కొత్త గొంతులొచ్చాయి. పిలుపులు తగ్గాయి. వెంగళరావు నగర్‌లో ఇంట్లో ఊరికే కూర్చోలేక, తెలిసినావిడ చెబితే ఫిల్మ్‌నగర్‌లో ఒక సహాయ కేంద్రంలో చేరాను. జీతం లేని పని.

కేంద్రమంటే టైలర్ షాపు పైన రెండు గదులు. హైకోర్టులో ప్రాక్టీసు మానేసిన ఒక లాయరమ్మ నడిపేవారు. అందరం ఆవిడను అలాగే పిలిచేవాళ్ళం. ఇల్లు ఖాళీ చేయమని సామాను బయట పడేసినవాళ్ళు, మొగుడు కొట్టి గెంటేసినవాళ్ళు, పోలీసు స్టేషన్‌కు ఒంటరిగా వెళ్ళడానికి భయపడేవాళ్ళు వచ్చేవారు. జూబ్లీహిల్స్ బంగళాల్లో పనిచేసేవాళ్ళు, జూనియర్ ఆర్టిస్టులు, మేకప్ అసిస్టెంట్లు ఎక్కువ. ఓనరుతో మాట్లాడటం, అర్జీ రాసిపెట్టడం, వకీలును కుదర్చడం మా పని. ఎటూ పోలేని ఆడవాళ్ళ కోసం షేక్‌పేట పాత ఊళ్ళో ఒక చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నారు. ఆ ఇల్లు ఎక్కడుందో కేంద్రం వాళ్ళలో లాయరమ్మకు, నాకు, అక్కడ వండిపెడుతూ కాపలా ఉండే అనసూయమ్మకు మాత్రమే తెలుసు.

చేరిన మొదటిరోజే లాయరమ్మ ఒక మాట చెప్పారు. "వచ్చినవాళ్ళను నమ్మడం మన పని. నిజమేదో తేల్చడం కోర్టు పని. ఎవరి నుంచి పారిపోయి వచ్చారో వాళ్ళతో మాత్రం ఎప్పుడూ మాట్లాడకూడదు. కనుక్కోవడానికి కూడా."

నేను తలూపాను. కొన్నాళ్ళు అలాగే ఉన్నాను కూడా.

తర్వాత ఒకాయన వచ్చాడు. ఓనరు గెంటేశాడని, భార్యకు జబ్బని వలవలా ఏడ్చాడు. ఆ ఏడుపులో నాకేదో తేడా కొట్టింది. వెక్కిళ్ళు సరిగ్గా మాట పూర్తయ్యాకే వస్తున్నాయి. నిజంగా ఏడ్చేవాడికి మాట మధ్యలో తెగుతుంది. అదే లాయరమ్మతో అన్నాను. ఆరా తీస్తే ఆయన ఆ ఇంటికి అద్దెదారే కాదు, దాన్ని కాజేయాలని చూస్తున్న బ్రోకరని తేలింది. లాయరమ్మ అందరి ముందూ "మీ చెవి గొప్పదమ్మా" అన్నారు.

ఆ మెప్పు నాకు విషమైంది. గొంతు నాది మూలపడింది కదా, చెవి అయినా పనికొచ్చిందన్న సంబరం. ఇక ఎవరొచ్చినా వాళ్ళ కష్టం వినడం మానేసి గొంతు వినడం మొదలుపెట్టాను. ఈవిడ ఎందుకు అక్కడ ఆగింది? ఆయన ఎందుకు నా కళ్ళలోకి చూడడు? వాళ్ళు మంచినీళ్ళు తాగుతుంటే గ్లాసు మీది నుంచి నన్ను కనిపెడుతున్నారా అని చూసేదాన్ని.

అలాంటప్పుడు మంజుల వచ్చింది.

ఆమె జూనియర్ ఆర్టిస్టు. పెళ్ళి సీన్లలో హీరోయిన్ వెనకాల పళ్ళెం పట్టుకుని నిలబడే అమ్మాయి. రహమత్ నగర్‌లో కాపురం. చంకలో ఆరేళ్ళ పిల్ల. ఆ వయసు పిల్లను చంకనెత్తుకోవడమేమిటి అనుకున్నాను. అదీ అనుమానమే. మొగుడు షూటింగ్ వ్యాన్లు నడుపుతాడట. గదిలో పెట్టి తాళం వేస్తాడట. ఆ ఇల్లు వాడి అక్కది, ఆవిడ విన్నా విననట్టే ఉంటుందట. చెప్పినంతసేపూ మంజుల కంట్లో ఒక్క చుక్క లేదు. గొంతు చదునుగా ఉంది. పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. కాసేపటికి లాయరమ్మకు చెబుతుంటే విన్నాను. అవే మాటలు. అదే వరస. "తాళం" అన్నచోట అదే చిన్న ఆపు.

ఎవరో రాసిచ్చి పంపారు. నాకు అలాగే అనిపించింది. ఏ మాటకు ఏ మాట అతుకుతుందో చూసే వృత్తి నాది. రాసిన డైలాగు నాకు తెలియదా?

దానికి తోడు ఆమె ప్రశ్నలు. ఆ ఇంటికి వెనకవైపు తలుపుందా? తాళంచెవులు ఎవరి దగ్గర ఉంటాయి? ఓనరు ఎవరు, ఆయన వస్తూ పోతూ ఉంటాడా? ఆశ్రయం కోరి వచ్చిన మనిషికి ఇవన్నీ ఎందుకు? మళ్ళీ ఏ బ్రోకరో పంపాడా? ఇంట్లో మిగతా ఆడవాళ్ళలో ఎవరి కోసమో వచ్చిందా?

భయపడ్డ మనిషి ముందుగా అడిగేది వెనక తలుపు గురించే. తాళం వేసిన గదిలో బతికిన మనిషి తాళంచెవి ఎవరి దగ్గరుందని కాక ఇంకేం అడుగుతుంది? లోలోపల వెయ్యిసార్లు చెప్పుకున్న కథ పాఠంలా కాక ఇంకెలా వస్తుంది? ఇవన్నీ ఇప్పుడు తెలుస్తున్నాయి. అప్పుడు తెలియలేదా? తెలుసుకోవాలనుకోలేదా? ఈ రెంటికీ మధ్య ఎంత దూరముందో ఇప్పటికీ కొలుచుకుంటున్నాను.

లాయరమ్మ మంజులను, పిల్లను షేక్‌పేట ఇంటికి పంపేశారు. నేనే దగ్గరుండి దింపి వచ్చాను. ఆ మర్నాడు మధ్యాహ్నం, కేంద్రంలో ఎవరూ లేనప్పుడు, ఆమె అర్జీలో రాసిచ్చిన మొగుడి నంబరుకు ఫోన్ చేశాను.

సినిమా ఆఫీసులో పనిచేసే పాతికేళ్ళ అమ్మాయి గొంతు పెట్టుకున్నాను. అది నాకు ఎడమచేతి పని. "ప్రొడక్షన్ ఆఫీసు నుంచండీ. రేపు పెళ్ళి సీనుంది. మంజుల గారు ఉన్నారా?" అన్నాను.

"నమస్తే అమ్మా. మంజుల ఇంట్ల లేదు. చెప్పకుండ పోయింది. పిల్లను గూడ తీస్కపోయింది" అన్నాడు.

మెత్తటి గొంతు. నేను ఊహించుకున్న గొంతు కాదు.

"అయ్యో, ఏం జరిగిందండీ?"

"తప్పు నాదేనమ్మా. కోపంల ఒక మాటన్న. గా మాట ఆమెకు పడలే. ఆమె ఎక్కడున్నా ఫికర్ లేదు, హుషారు మనిషి. పిల్లతోనే నాకు రంది. దానికి దమ్ము ఉంది. పీల్చే మందు ఇంట్లనే మర్చిపోయిన్రు. ఆయాసమొస్తే..."

మాట మధ్యలో తెగింది. వెక్కి, తమాయించుకుని, మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ తెగింది. నా గొప్ప చెవి విన్నది. ఇది నిజం ఏడుపు అని తీర్పిచ్చింది.

"పాప బాగానే ఉందండీ. నిన్ననే చూశాను" అన్నాను. ఎవరి గొంతుతో అన్నానో తెలియదు. పాతికేళ్ళ అమ్మాయి ఎక్కడికో పోయింది.

"ఎక్కడ జూసిన్రమ్మా?"

"షేక్‌పేటలో. బడి పక్కన. ఇంతకుమించి అడక్కండి."

"అడగనమ్మా. మీ కాళ్ళకు దండం. పిల్ల మంచిగుందన్నరు, గంతే చాలు నాకు."

ఫోన్ పెట్టేశాడు. నిజంగానే ఇంకేమీ అడగలేదు. అడగకపోవడమే నాకు అనుమానం రావలసిన చోటు. అక్కడ మాత్రం రాలేదు.

నోరు జారిందా? జార్చానా? ఈ ప్రశ్న నన్ను వదలదు. జాలితో అన్నానని కొన్నాళ్ళు నచ్చజెప్పుకున్నాను. పిల్లకు మందు అందాలనే కదా అన్నాను అని. అలాగైతే లాయరమ్మతో చెప్పి మందు కొనిపించవచ్చు. అనసూయమ్మకు ఫోన్ చేసి పిల్లకు ఆయాసముందా అని అడగవచ్చు. ఆ రెండూ చేయలేదు. అప్పుడు నాకు కావలసింది పిల్ల క్షేమం కాదేమో. మంజుల అబద్ధాలకోరని తేలాలి. నా చెవి మళ్ళీ గెలవాలి. ఇలా రాయాలని లేదు. కానీ ఇదే నిజానికి దగ్గరగా ఉంది.

వాడు తొందరపడలేదు. ఆ బడి చుట్టుపక్కల సందుల్లో వ్యాను ఆపుకుని కాచుకున్నాడని తర్వాత తెలిసింది. ఒక పొద్దున మంజుల పాల ప్యాకెట్ కోసం పిల్లను తీసుకుని వీధి చివరికి వచ్చింది. పిల్లను ఎత్తి వ్యానులో వేసుకుని వెళ్ళిపోయాడు. మంజులను ముట్టుకోనైనా లేదు. ఆ అవసరం లేదని వాడికి తెలుసు. చెప్పులు లేకుండా వ్యాను వెనక మెయిన్ రోడ్డు దాకా పరిగెత్తిందట.

నేను, లాయరమ్మ వెళ్ళేసరికి గడప మీద కూర్చుని ఉంది. అప్పుడూ ఏడవలేదు. పిల్లకు ఆయాసం ఉందా అని అడిగాను. ఎందుకు అడుగుతున్నానని కూడా ఆలోచించలేదామె. "దానికేం రోగం లేదు" అంది. పోలీసులకు చెబుదాం, కోర్టుకు వెళదాం, ఒక్కరోజు ఓపిక పట్టు అని లాయరమ్మ బతిమాలారు. మంజుల లేచి కొంగు దులుపుకుంది.

"పిల్ల గాడుంటే నేను గీడెట్లుంటనమ్మా" అంది. రహమత్ నగర్ ఆటో ఎక్కింది.

పోలీసులు వెళ్ళి అడిగితే తన ఇష్టంతోనే వచ్చానని చెప్పిందట. కొన్ని నెలలకు ఆ ఇల్లు వదిలి వేరే ఊరు వెళ్ళిపోయారన్నారు. ఏ ఊరో వాడి అక్క చెప్పలేదు. షూటింగుల్లో మంజుల మళ్ళీ కనబడలేదు.

ఇంతవరకు చెప్పింది ఒక తప్పు. దీనికి ఏదో ఒక రకం క్షమ నాలో నేనే కల్పించుకోగలిగేదాన్నేమో. రెండోది అలాంటిది కాదు.

వాడికి చోటు ఎలా తెలిసిందని లాయరమ్మ నన్నూ అనసూయమ్మనూ కూర్చోబెట్టి అడిగారు. ఆవిడ చూపు ముందు నా మీదే ఆగిందని నాకనిపించింది. నిజంగా ఆగిందా? భయపడ్డవాళ్ళకు అందరి చూపులూ తమ మీదే ఆగుతాయి. నేను ఆగలేకపోయాను. "అనసూయమ్మా, మీ అమ్మాయి ఇల్లు రహమత్ నగర్ వైపే కదా. ఇంట్లో ఎవరితోనైనా మాటవరసకు అన్నావేమో గుర్తు తెచ్చుకో" అన్నాను. ఎంతో నెమ్మదిగా, పెద్ద దిక్కులా అన్నాను.

అనసూయమ్మ అబద్ధం ఆడటం చేతకాని మనిషి. కాసేపు ఆలోచించి, "మా అల్లునితోని ఒక్కపారి అన్న. కొత్తగ తల్లీబిడ్డ ఒచ్చిన్రు, పిల్ల ముద్దుగున్నదని. పేరు గిట్ల ఏం చెప్పలే" అంది.

అల్లుడు ఏం చేస్తాడని లాయరమ్మ అడిగారు. షూటింగ్ వ్యాన్లకు డ్రైవరట.

మంజుల మొగుడు చేసే పనే. ఇంతకన్నా రుజువేం కావాలి? నాకొక్కదానికి తెలుసు అది రుజువు కాదని. నోరు విప్పడానికి ఒక్క నిమిషం దొరికింది. ఆ నిమిషం నిండా నేను కిటికీలోంచి కింద షాపు బయట టైలరు బట్ట కత్తిరించడం చూస్తూ కూర్చున్నాను. అనసూయమ్మను పనిలోంచి తీసేశారు. గొడవ విని భయపడ్డ ఓనరు ఇల్లు ఖాళీ చేయమన్నాడు. అక్కడున్న మిగతా ఆడవాళ్ళను తలా ఒకచోట సర్దవలసి వచ్చింది.

నేను మాత్రం ఎదిగాను. లాయరమ్మకు మోకాళ్ళ నొప్పులు ముదిరి రావడం తగ్గించాక కేంద్రం తాళాలు నా చేతికొచ్చాయి. కొత్తగా చేరే పిల్లలకు నేనే చెప్పేదాన్ని: వచ్చినవాళ్ళను నమ్మడం మన పని. చెబుతూ వాళ్ళ కళ్ళు చూసేదాన్ని. ఎవరికైనా తెలుసా అని. కొత్తవాళ్ళకు ఎలా తెలుస్తుంది? అయినా చూసేదాన్ని.

ఈ ఏడు ఎండాకాలంలో అనసూయమ్మ కేంద్రానికి వచ్చింది. నా కోసం కాదు. సాయం కోసం. తానుంటున్న పాత బిల్డింగు కూలగొడుతున్నారు, అందర్నీ వెంటనే వెళ్ళిపొమ్మన్నారు. ముసలిదానికి, అందులో ఒంటరిదానికి, గది కిరాయికి ఎవరూ ఇవ్వడం లేదు. నన్ను చూసి తలుపు దగ్గరే ఆగింది. తెలిసి ఆగిందా? "నువ్వేనా అమ్మా, గింకా గీడనే ఉన్నవా" అని కూర్చుంది. నా మీద ఆమెకు ఏ అనుమానమూ లేదు. అది చూడటం ఎంత కష్టమో చెప్పలేను.

అందర్నీ అడిగినట్టే అడిగాను. నీకెవరూ లేరా? కూతురు ఉండాలి కదా?

"బిడ్డ బోరబండల ఉంటది. నేను పోను" అంది. "ఎందుకు?" అన్నాను. "నా నోటి మాట పట్కపోయి అల్లుడు గా మంజుల మొగనికి అమ్ముకున్నడు. ఒట్టేసి అనలేదంటడు. మరి ఎట్ల తెల్సె? నేనైతే ఇంకెవ్వరికి చెప్పలే. బిడ్డ మొగని దిక్కు నిలవడ్డది. గప్పటి సంది మాటల్లెవ్వు. మనుమడు పుట్టిండంట. చూడలే."

నేను తల వంచుకుని అర్జీ రాశాను. రహమత్ నగర్‌లో తెలిసిన ఓనరుతో మాట్లాడి గది కుదిర్చాను. సామాను దింపించాను. ఇంత చేశాను కదా, సరిపోదా అని దారిలో లెక్క కట్టుకున్నాను. సరిపోలేదు. ఇన్నేళ్ళూ నా తప్పు మంజులతో, ఆ పిల్లతో ఆగిపోయిందనుకున్నాను. నాకు తెలియకుండానే అది ఇంకో ఇంట్లో కాపురం పెట్టింది. ఒక తల్లి తన కూతురి మొగుణ్ణి అనుమానిస్తూ ముసలిదైంది. ఆ అనుమానం నేను నాటింది.

వారం పట్టింది ధైర్యం కూడదీసుకోవడానికి. వెళ్ళేసరికి అనసూయమ్మ గడపలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనని భయం. ఫోన్ చేసింది నేనని, షేక్‌పేట అన్నది నేనని, ఆమె మీదికి నెట్టింది కూడా నేనేనని.

ఆమె చెయ్యి ఆగింది. చిక్కుడుకాయలు పక్కన పెట్టి అడిగింది.

"గా పిల్ల ఇప్పుడు యాడుంది?"

"తెలియదు."

"ఎన్నడన్న ఎతికినవా?"

వెతకలేదన్నాను. వెతికితే దొరుకుతారేమోనన్న భయంతో వెతకలేదని మాత్రం చెప్పలేకపోయాను. మీకు చెబుతున్నాను.

ఆమె లోపలికి వెళ్ళి ఫోన్ తెచ్చింది. ఏదో నంబరు నొక్కి నా చేతిలో పెట్టింది. "అల్లుడు. నాకు చెప్పింది ఆనికి చెప్పు" అంది.

చెప్పాను. మొదటిసారి కన్నా రెండోసారి సులువవుతుందనుకున్నాను. కాలేదు. అతను మధ్యలో ఒక్క మాట అడ్డురాలేదు. అంతా అయ్యాక, "అత్తమ్మకియ్యిన్రి" అన్నాడు. ఆమె ఫోన్ తీసుకుంది. చెవికి ఆనించుకుని పట్టుకుంది. ఆమె నా వైపు చూడకుండా, "నువ్వు ఇగ పో" అంది. తలుపు వేసుకుంది.

అటు నుంచి అటే జూబ్లీహిల్స్‌లో లాయరమ్మ ఇంటికి వెళ్ళి మూడోసారి చెప్పాను. ఆవిడ తిట్టలేదు. చేతికర్రతో బల్ల వైపు చూపించారు. "తాళాలు అక్కడ పెట్టి వెళ్ళండి" అన్నారు. పెట్టి వచ్చాను. వాకిట్లో చెప్పులు వేసుకుంటుంటే లోపల ఆవిడ ఎవరికో ఫోన్ చేసి మంజుల పేరు చెప్పడం వినిపించింది.

ఆ మర్నాటి నుంచి నేనూ వెతుకుతున్నాను. మంజులతో పాటు షూటింగులకు వెళ్ళినవాళ్ళను ఒక్కొక్కరినీ కలుస్తున్నాను. నేనెవరని, ఎందుకని అడుగుతారు. అనుమానంగా చూస్తారు. చూడాలి. కారణం చెబుతాను. కొందరు మొహం తిప్పుకుంటారు. ఒకామె కూర్చోమని, తెలిస్తే కబురు చేస్తానంది. ఇంతవరకు ఏ కబురూ లేదు.

అనసూయమ్మ మళ్ళీ నాతో మాట్లాడలేదు. కూతురింటికి వెళ్ళిందో లేదో నాకు తెలియదు. అడిగే హక్కు లేదు. నన్నెవరూ క్షమించలేదు. మీరూ క్షమించనక్కర్లేదు, అందుకోసం రాయలేదు. ఆ పిల్లకు ఇప్పుడు పదమూడో పద్నాలుగో ఉంటాయి. ఆ రోజు తమ చోటు ఎవరు చెప్పారని ఎప్పుడైనా వాళ్ళమ్మను అడిగిందేమో. అడిగితే మంజుల ఎవరి పేరు చెప్పి ఉంటుంది? ఎక్కడైనా ఏ చేతిలోనైనా ఈ కాగితం పడి వాళ్ళ దాకా చేరితే, ఇంకెవర్నీ అనుమానించవద్దని చెప్పండి. చెప్పింది నేను.

రాసేశాను. చాలా ఏళ్ళ తర్వాత ఊపిరి కాస్త లోపలిదాకా వెళ్ళింది.